చెప్పకుండా ఇచ్చిన మందు

"లేపకమ్మా, లేపకు! ఎన్నాళ్లకు పట్టిందో ఆ మాత్రం నిద్ర," అంది రోసమ్మ గుమ్మంలోంచే, గొంతు తగ్గించి.

"పొద్దెక్కింది టీచరమ్మా. తెల్లారగట్ల ఫజర్ నమాజ్ సుత పోయింది. నా పెండ్లయిన కాడి సంది అమ్మీ ఫజర్ తప్పంగ నేను సూడలే."

షంషున్నీసా చెయ్యి అప్పటికే అత్త భుజం మీద ఉంది. మెల్లగా కుదిపింది. అక్బర్ బీ కదల్లేదు.

"ఒంట్లో బాగాలేని మనిషి ఒక్క పూట తప్పితే దేవుడేం అనుకోడులే. రా, చాయ్ చల్లారిపోతోంది."

నిజం చెప్పాలంటే రోసమ్మకు ఆ ఉదయం మహా తృప్తిగా ఉంది. పక్కింటి అత్తాకోడళ్లను తీసుకొచ్చి తన వెనక గదిలో పెట్టుకున్న నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. ముసలావిడ ఛాతీలోంచి వచ్చే పిల్లికూతలు నట్టింట్లోకి, వంటింట్లోకి, ఆఖరికి వీధిలోకి కూడా వినిపించేవి. జీవితమంతా బట్టీ ముందు కూర్చుని శనగలు వేయించిన మనిషి మరి. ఆ పొగంతా వెళ్లి ఆవిడ ఊపిరితిత్తుల్లోనే కాపురం పెట్టింది.

దానికి తోడు తుంటి నొప్పి. అన్నిటికీ మించి భయం. నవాబు లొంగిపోయి యూనియన్ మిలటరీ సికింద్రాబాద్‌లోకి దిగిన రోజున డబల్‌రొట్టె తెస్తానని వెళ్లిన కొడుకు వలీ ఇంతవరకూ రాలేదు. నాకా దగ్గర సిపాయిలు ఆపి పట్టుకున్నారని ఒకరంటారు, మల్కాజ్‌గిరి వైపు పోతుంటే చూశామని ఇంకొకరంటారు. వీధిలో లారీ చప్పుడైతే చాలు, అక్బర్ బీ గోడ వైపు తిరిగి ముడుచుకుపోయేది. వెంటనే దమ్ము ఎగదన్నేది.

అలాంటిది నిన్న దీపాలు పెట్టిన దగ్గర నుంచి కూత లేదు, మూలుగు లేదు. పొద్దున కుటుంబ ప్రార్థనలో రోసమ్మ దానికి స్తోత్రం కూడా చెల్లించేసింది.

కాస్త ఆగాల్సింది.

"అమ్మా!" లోపలి నుంచి దేవకృప గొంతు. రోసమ్మకు ఒక్కతే కూతురు, మిషన్ బడిలో తల్లి వదిలిన ఉద్యోగంలోనే కొత్తగా చేరింది. నెమ్మదైన పిల్ల. ఆ పిల్ల అరవడం రోసమ్మ ఎరగదు. "అమ్మా, ఇలా రా! దాదీ గోళ్లు చూడు!"

అక్బర్ బీ చేతి గోళ్లు సిరా పులిమినట్టు నీలంగా ఉన్నాయి. పెదవులూ అదే రంగు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"అమ్మీ! అమ్మీ, కండ్లు తెరు!" షంషున్నీసా ఇప్పుడు కుదపడం లేదు, ఊపేస్తోంది. "యా అల్లా, ఇదేందీ! తల ఇట్ల వాలిపోతుందేంది?"

రోసమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఏమీ తగల్లేదు. ఆవిడ మనసు ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. చాలాసేపు గడిచిందనిపించాక, సన్నగా ఒక గాలి వేలికి తగిలింది. మళ్లీ ఆగిపోయింది.

"డాక్టరు గారు..." అనబోయేలోపే దేవకృప చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో ఉంది.

* * *

డాక్టర్ జీవరాజు రైల్వే కొలువు నుంచి దిగిపోయి మెట్టుగూడలోనే, ఆ సందు చివర ఇల్లు కట్టుకున్న మనిషి. కోపిష్టి. రోగి తప్పు చేస్తే తిడతాడు, తప్పు చేయకపోయినా తిడతాడు. ఆ పూట మాత్రం వచ్చీ రాగానే ఏమీ అనలేదు. అక్బర్ బీ కనురెప్ప ఎత్తి చూశాడు. కిటికీ తలుపు బార్లా తీయించి మళ్లీ చూశాడు. కనుపాపలు ఆవగింజంత అయిపోయి ఉన్నాయి.

"ఏం ఇచ్చారు?" అన్నాడు.

షంషున్నీసా అత్త దుప్పటి సర్దసాగింది.

"మిమ్మల్నే. ఏం మందు ఇచ్చారీవిడకి?"

"మందా? మా ఇంట్లో దగ్గు మందు సీసా కూడా లేదండీ," అంది రోసమ్మ. ఆ మాట అంటున్నప్పుడు చూపు మాత్రం డాక్టరు బూట్ల మీద ఉంది.

"ఏం ఇయ్యలే డాక్టర్ సాబ్," అంది షంషున్నీసా. ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గంజి తాగింది, పడుకుంది. అంతే," అంది రోసమ్మ.

"అంతే," అంది షంషున్నీసా.

వినండి, ఎంత ముద్దుగా కలిశాయో ఇద్దరి మాటలూ! మంచం మీద మనిషి పోతోంది. మాట దాచుకునే వేళా అది?

డాక్టరు వాళ్లిద్దరినీ చూడటం మానేసి అక్బర్ బీ చెవి దగ్గరకు వంగాడు. "అమ్మా! ఊపిరి తీసుకో!" అని గట్టిగా అరిచాడు. రెండు భుజాలూ పట్టి నొక్కాడు. "ఊపిరి తీసుకో!"

అక్బర్ బీ ఛాతీ మెల్లగా లేచింది. దిగింది. ఆగింది.

అందరూ చూస్తున్నారు. ఇంకా ఆగే ఉంది.

"తీసుకో!" మళ్లీ అరిచాడు. మళ్లీ లేచింది.

"చూశారా? చెబితేనే తీసుకుంటోంది. చెప్పకపోతే మర్చిపోతోంది." డాక్టరు షంషున్నీసా చెయ్యి లాగి మంచం పక్కన కూర్చోబెట్టాడు. "నువ్వు చెప్పు. ఆగకుండా చెబుతూ ఉండు. నీ గొంతు ఆగితే ఈవిడ ఊపిరి ఆగుతుంది. అర్థమైందా?"

షంషున్నీసా అత్త ముఖంలోకి చూసింది. అత్తకు ఆజ్ఞ ఇవ్వడమా! పెళ్లయిన నాటి నుంచి అక్బర్ బీ ముందు గొంతెత్తి మాట్లాడిన పిల్ల కాదు. "ఊపిరి దీస్కో అమ్మీ," అంది, బతిమాలుతున్నట్టు.

ఛాతీ కదల్లేదు.

"గట్టిగా!"

"ఊపిరి దీస్కో అమ్మీ!"

లేచింది. షంషున్నీసా భోరుమంది. ఏడుస్తూనే మళ్లీ చెప్పింది. దేవకృప రెండో పక్కన కూర్చుని తనూ అందుకుంది.

డాక్టరు సంచిలోంచి సూది తీసి అక్బర్ బీ జబ్బకు వేశాడు. "ఇది ఊపిరికి కాస్త ఊతం ఇస్తుంది. ఎంతసేపో చెప్పలేను. నా దగ్గర ఉన్నదే ఇది. ఇప్పుడు చెప్పండి, ఏం ఇచ్చారు? ఈవిడ కళ్లు నాకు చెప్పేశాయి. మీ నోటితో వింటే తర్వాత ఏం చేయాలో తెలుస్తుంది. చెప్పకపోతే ఇంటి ముందు బెంచీ వేయించండి, పరామర్శకు జనం వచ్చి కూర్చుంటారు."

షంషున్నీసా తలెత్తింది. నట్టింటి గోడ వైపు ఒకసారి చూసింది. ఆ గోడ మీద అద్దం కట్టించిన అట్ట ఒకటి ఉంటుంది. రోసమ్మ తన పెళ్లిలో మిషన్ దొరసాని చేతుల మీదుగా అందుకున్నది. "మత్తు కలిగించేదేదీ ఈ ఇంటి గడప దాటదు" అని పెద్ద అక్షరాలు. స్త్రీల సమాజంలో ఏటా ఆ ప్రమాణాన్ని తిరగచెప్పుకుంటారు. వచ్చిన మొదటి రోజే షంషున్నీసా అడిగి దాన్ని చదివించుకుంది.

"అఫీమ్," అంది.

"ఏంటీ?" అంది రోసమ్మ.

"అఫీమ్ గోలీ. మిరియమంత. హకీమ్ సాబ్ ఇచ్చిండు, తుంటి నొప్పికి. ఎన్నో ఏండ్ల సంది తింటది డాక్టర్ సాబ్. అది లేకుంటే లేచి నిలవడలేదు."

"నా ఇంట్లో!" రోసమ్మ గోడకు ఆనుకుంది. "నా ఇంట్లో నల్లమందా! షంషూ! పాస్టరు గారు నిన్న ఆ కుర్చీలో కూర్చుని వెళ్లారే! ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఏమని చెప్పాలె టీచరమ్మా? ఆ అట్ట సూసినంక ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? అందరు మమ్మల్ని సూసి తలుపు ఏసుకుంటుంటే మీరొక్కరు తెరిచిండ్రు. మీ దీన్ ధర్మం చెడగొట్టుడు ఎందుకని అమ్మీ అన్నది. నేను బయట బాయి కాడ ఇస్తుంటి, మీ గడప లోపల ఇయ్యలే. ఒట్టు."

ఎంత లెక్క! గడప లోపల ఇవ్వలేదట. గడప బయట మింగించి లోపలికి తీసుకొచ్చి పడుకోబెట్టేదట. రోసమ్మకు కోపం రావాలో, కళ్లలో నీళ్లు రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

"రోజుకు ఎన్ని?" అన్నాడు డాక్టరు.

"ముందు ఒకటే. మొన్న బాయి కాడ జారిపడ్డంక పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి."

"ఊపిరి తీసుకో దాదీ!" అంది దేవకృప మధ్యలో.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "చాలదు."

"ఏం చాలదండీ?"

"ఏళ్ల తరబడి అలవాటున్న మనిషికి ఇంకొక మిరియపు గింజ పెంచితే ఇంత దూరం రాదు. మలబద్ధకం వస్తుంది, మగత వస్తుంది. ఇది వేరే. ఇంకేదో పడింది దీని మీద." ఆయన తల తిప్పి రోసమ్మ వైపు చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. ఆయన ముఖంలో రంగు మారింది. "రోసమ్మా. మీ ఆయన సామ్యూల్ పోయినప్పుడు నీకు నిద్ర పట్టడం లేదంటే పొట్లాలు కట్టించి ఇచ్చాను. అవి ఉన్నాయా, అయిపోయాయా?"

గదిలో దేవకృప గొంతు ఒక్కటే వినిపిస్తోంది. ఆ పిల్ల కూడా చెప్పడం ఆపి తల్లి వైపు తిరిగింది.

"ఆగకు!" అని అరిచాడు డాక్టరు.

"ఊపిరి తీసుకో దాదీ!... అమ్మా, మాట్లాడవేం?"

రోసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట లేదు, కన్నీళ్లూ లేవు. అయినా తుడుచుకుంది.

"చాయ్‌లో కలిపాను," అంది.

షంషున్నీసా అత్త చెయ్యి వదిలేసింది.

"ముందు సగం పొట్లమే ఇచ్చాను డాక్టరు గారూ. మన వీధిలోకి మిలటరీ లారీలు వచ్చిన రోజు పూర్తిగా ఇచ్చాను. అప్పట్నుంచి రోజూ పూర్తిదే. గజగజ వణికిపోతోందండీ! ఆ వణుకు మీరు చూడలేదు, నేను చూశాను. ఎక్కడ గుండె ఆగిపోతుందోనని..."

"చెప్పి ఇయ్యొచ్చు గద!" షంషున్నీసా లేచి నిలబడింది.

"చెబితే తాగేదా మీ అత్త? పోయిన ఏడు దగ్గు మందు తెచ్చిస్తే ఏమంది? ఇంగ్లీషు మందుల్లో సారా ఉంటది, హరాం అని ఉమ్మేయలేదూ? నీ ఎదురుగానే కదా! ఆవిడ మతం ఎందుకు చెడగొట్టాలని... ఆవిడకు తెలియకపోతే ఆవిడకు పాపం అంటదని..."

"పొడిలో సారా ఎక్కడిదమ్మా, నీ మొహం!" అన్నాడు జీవరాజు. అని, రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. "ఆవిడ మతం చెడుతుందని నువ్వు చెప్పలేదు. నీ మతం చెడుతుందని ఆ పిల్ల చెప్పలేదు. ఇద్దరూ కలిసి..."

మాట మింగేసి అక్బర్ బీ నాడి పట్టుకున్నాడు.

"నొప్పి మందు ఊపిరిని నెమ్మది చేస్తుంది. నిద్ర మందూ అదే పని చేస్తుంది. మంచి ఊపిరితిత్తులున్న పడుచుదానికే రెండూ కలిపి ఇవ్వాలంటే నాకు చెయ్యి వణుకుతుంది. ఈవిడకు అసలున్నదే అరకొర ఊపిరి! పైగా వయసు. నిన్నటి మందు ఒంట్లోంచి పోకముందే ఇవాళ్టిది పోసి, దాని మీద రేపటిది పోస్తే ఎక్కడికి పోతుంది? కూత వినపడటం లేదని సంబరపడ్డారా? కూత పెట్టడానికి కూడా గాలి ఆడాలమ్మా. అది కూడా ఆడటం లేదు."

రోసమ్మకు ఉదయం చెప్పిన స్తోత్రం గుర్తొచ్చింది. ఇంత పొద్దెక్కేదాకా ఒక మనిషి చావును చూసి తను సంతోషించింది. అడుగు చప్పుడు కూడా కాకుండా నడవమని కూతురికి చెప్పింది.

షంషున్నీసా ముఖంలో మాత్రం ఏడుపు పోయింది. ఇంకేదో వచ్చింది.

"నిజం చెప్పు," అంది. టీచరమ్మ అన్న పిలుపు పోయింది, మీరు అనడం పోయింది. "అమ్మీ తక్లీఫ్ సూడలేకనే ఇచ్చినవా? లారీ వచ్చినప్పుడు అమ్మీ దగ్గుతదని, నీ ఇంట్ల తురకోళ్లున్నరని తెలుస్తదని ఇచ్చినవా?"

"షంషూ!"

"చెప్పు! లారీ వచ్చిన దినమే పూరా పొట్లం ఎందుకు పోసినవ్?"

కాదు అని అరవాలి రోసమ్మ. నోరు తెరిచింది. ఆ సాయంత్రం గుర్తొచ్చింది. వీధిలో బూట్ల చప్పుడు, గదిలో ఆగని దగ్గు, చేతిలో చాయ్ గ్లాసు, ఆ గ్లాసులో చెంచా తిప్పుతూ తను అనుకున్న మాట. దేవా, ఈ ఒక్క గంట ఈవిడ దగ్గకుండా ఉంటే చాలు. ఎవరి కోసం అనుకుంది? అక్బర్ బీ కోసమా? తన పిల్ల కోసమా? నిజంగానే రోసమ్మకు తెలియలేదు.

"కొంత అదీ ఉంది," అంది.

షంషున్నీసా కొట్టినా బాగుండేది. కొట్టలేదు. వెళ్లి అత్త తల తన ఒళ్లోకి తీసుకుంది. "ఊపిరి దీస్కో అమ్మీ," అంది. "ఊపిరి దీస్కో. మనం ఈడుండొద్దు. ఇంటికి పోదాం."

* * *

"ఇంటికి కాదు, ఆసుపత్రికి," అన్నాడు డాక్టరు. "ఆక్సిజన్ సిలిండరు కావాలి, పక్కనే కనిపెట్టి ఉండే మనిషి కావాలి. సూది బలం దిగేలోపు చేరాలి. పది కొడితే మళ్లీ కర్ఫ్యూ."

"నేను పోను," అంది షంషున్నీసా. "ఆలుగడ్డ బావి కాడ నాకా ఉన్నది. నా మనిషి ఆడికి పోయే ఇంకా రాలే."

"అయితే నేను తీసుకెళ్తాను," అంది రోసమ్మ.

"నీ చేతికి ఇయ్య."

"షంషూ, నా మీద కోపం తర్వాత. జుట్టు పట్టుకుని కొట్టు, పడతాను. ఇప్పుడు..."

"నీ చేతికి ఇయ్యనంటున్న! ఆ చేతి చాయ్ తాగే ఇట్లయింది. మళ్ల దారిల ఏం పోస్తవో ఎవరికెరుక!"

ఆ మాటకు దేవకృప తల్లి ముఖంలోకి చూడలేకపోయింది. పక్క పక్క ఇళ్లలో ఇన్నేళ్లు బతికారు. ఈ ఇంటి క్రిస్మస్ పిండివంటలు ఆ ఇంటికీ, ఆ ఇంటి రంజాన్ షీర్ ఖుర్మా ఈ ఇంటికీ గిన్నెలు మార్చుకున్నారు. సామ్యూల్ పోయినప్పుడు అక్బర్ బీ ఈ వాకిట్లోనే కూర్చుని గుండెలు బాదుకుంది. అదంతా ఒక్క గ్లాసు చాయ్‌లో కొట్టుకుపోయింది.

"ఇద్దరూ రండి," అన్నాడు జీవరాజు విసుగ్గా. "ఒకరు అలిసిపోతే ఇంకొకరు చెప్పాలి. పిల్లా, నువ్వు బండి తోస్తావా?"

బండి అంటే వలీ శనగలమ్ముకునే నాలుగు చక్రాల తోపుడు బండి. జట్కాలు రిక్షాలు తిరగని రోజులు. బొంత పరిచి అక్బర్ బీని దాని మీద పడుకోబెట్టారు. ఎముకల గూడు తప్ప బరువేం లేదు. డాక్టరు సైకిలెక్కాడు. "నేను ముందు పోయి సిలిండరు సిద్ధం చేయిస్తాను. గుర్తుంచుకోండి, దారిలో ఏం జరిగినా సరే, చెప్పడం ఆపొద్దు. ఆకాశం విరిగి మీద పడినా ఆపొద్దు."

షంషున్నీసా బుర్ఖా వేసుకుంది. ముసుగు దించింది. బండికి ఒక పక్కన నిలబడింది. రెండో పక్కకు రోసమ్మ వస్తుంటే వద్దనలేదు. రమ్మని కూడా అనలేదు.

* * *

"ఊపిరి దీస్కో అమ్మీ."

"ఊపిరి తీసుకో పెద్దమ్మా."

ఆ ఎండలో, మూసిన తలుపుల మధ్య నుంచి, ఆడవాళ్లు ముగ్గురు బండి తోసుకుంటూ పోతున్నారు. ఒకరు ఆపితే ఒకరు. షంషున్నీసా గొంతు బొంగురుపోయింది. రోసమ్మ బడిలో ఎక్కాలు చెప్పించిన గొంతుతో అందుకుంది. కిటికీ రెక్కల వెనక కళ్లు కనిపించాయి, మళ్లీ రెక్కలు మూసుకున్నాయి. రైల్వే క్వార్టర్ల దగ్గర శ్యామలమ్మ అనే ఆవిడ మాత్రం వాకిట్లోకి వచ్చి, "ఎవరికేమైంది టీచరమ్మా?" అని అడిగింది.

"మందు ఎక్కువైంది," అంది రోసమ్మ నడుస్తూనే. "నేనే ఇచ్చాను."

ముసుగులోంచి షంషున్నీసా అటు తిరిగి చూసింది. ఏమీ అనలేదు. తర్వాతి పిలుపు తనే అందుకుంది.

కొంత దూరం పోయాక అక్బర్ బీ పెదవులు కదిలాయి. ఏదో గొణిగింది. దేవకృప సంతోషంతో, "దాదీ మాట్లాడుతోంది!" అంది. షంషున్నీసా వంగి చెవి పెట్టింది.

"ఏమంటోంది?" అంది రోసమ్మ ఆత్రంగా. బండి కదిలాక ఆవిడ అన్న మాటల్లో షంషున్నీసా జవాబిచ్చింది ఈ ఒక్కదానికే.

"వలీ వచ్చిండా అంటున్నది."

అంతే. మళ్లీ రెప్పలు వాలిపోయాయి. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి రెండు పిలుపులకు గానీ ఛాతీ లేవలేదు. సూది బలం దిగుతోందని ముగ్గురికీ తెలిసింది. ఎవరూ పైకి అనలేదు. దేవకృప పరుగులాంటి నడక అందుకుంది. బండి చక్రాలు రాళ్ల మీద ఎగిరిపడుతున్నాయి.

ఆలుగడ్డ బావి మలుపు తిరిగారు. రైలు వంతెన కింద ఇసుక బస్తాలు, ముళ్లకంచె. ఇద్దరు సిపాయిలు. షంషున్నీసా నడక తడబడింది. బండి అంచు పట్టుకున్న ఆమె వేళ్లు తెల్లబడటం రోసమ్మకు కనిపించింది.

"నేనున్నాను," అంది రోసమ్మ. అన్నాక, ఆ మాటకు ఇప్పుడేం విలువుందని తనకే అనిపించింది. "ఊపిరి తీసుకో పెద్దమ్మా!"

"రుకో!"

బండి ఆగింది.

కుర్ర సిపాయి. మీసాలు కూడా సరిగా రాలేదు. వాడికీ భయంగానే ఉన్నట్టుంది. బుర్ఖా వైపు, బొంత వైపు, బొంత కింద ఏముందో అన్నట్టు బండి చక్రాల వైపు చూశాడు. ఏదో అడిగాడు. దేవకృప తనకొచ్చిన హిందుస్తానీలో "బీమార్, అస్పతాల్" అంటోంది. రోసమ్మ తెలుగులో డాక్టరు పేరు చెబుతోంది. షంషున్నీసా అత్త చెవిలో చెప్పాల్సింది చెబుతూనే ఉంది. ముగ్గురూ ఒకేసారి. వాడికి ఒక్క ముక్కా అందలేదు.

"చుప్!" అని గర్జించాడు. తుపాకీ మడమ నేలకేసి కొట్టాడు. "సబ్ చుప్! బిల్కుల్ చుప్!"

ముగ్గురూ నోళ్లు మూసుకున్నారు.

అలాంటి అరుపు విని నోరు మూయకుండా ఉండటం ఆ వారంలో ఎవరి తరం? షంషున్నీసా ముసుగు వెనక బిగుసుకుపోయింది. ఈ చోటనే, ఇలాంటి మనిషి ముందే తన వలీ కూడా నిలబడి ఉంటాడు. ఏమన్నాడో, ఏమనకుండా ఉండాల్సిందో! నోరు తెరిస్తే ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలియకపోవడమే ఆమెను చంపుతోంది.

రోసమ్మ బండిలోకి చూసింది. ఛాతీ దిగింది.

లేవలేదు.

సిపాయి బండి చుట్టూ నడుస్తున్నాడు. తీరికగా వంగి కిందకు చూస్తున్నాడు. వంతెన మీద ఎక్కడో ఇంజను ఆవిరి వదిలింది. అక్బర్ బీ పెదవుల రంగు మళ్లీ మారుతోంది. దేవకృప తల్లిని చూసింది. రోసమ్మ షంషున్నీసాను చూసింది. ముసుగులో ఏముందో కనిపించలేదు. ఇప్పుడు అరిస్తే షంషూకు ఏమవుతుంది? అరవకపోతే పెద్దమ్మకు ఏమవుతుంది? ఇన్ని రోజులూ చెప్పకుండా ఊరుకున్నదే చాలదా?

షంషున్నీసా రెండు చేతులతో ముసుగు ఎత్తేసింది. పరాయి మగవాళ్ల ముందు, నడివీధిలో, ముఖమంతా బయటపెట్టి అత్త మీదకు వంగింది.

"ఊపిరి దీస్కో అమ్మీ!"

వంతెన కింద ఆ కేక మారుమోగింది. సిపాయి ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు. రెండోవాడు బస్తాల వెనక నుంచి పరిగెత్తుకొస్తున్నాడు.

"తీసుకో పెద్దమ్మా!" రోసమ్మ షంషున్నీసాకు అడ్డంగా వచ్చి నిలబడి అరిచింది. "తీసుకో!"

సిపాయి తుపాకీ లేచింది. అక్బర్ బీ ఛాతీ ఇంకా లేవలేదు. ఇద్దరి గొంతులూ ఆగలేదు.